“ఏ మందు కొట్టారు?” అని డాక్టరు అడిగితే: పురుగుమందుల విషప్రభావంపై ప్రతి రైతు తెలుసుకోవలసినవి

కొన్నేళ్ల క్రితం అక్టోబరులో ఒక మధ్యాహ్నం నాకు ఫోన్ వచ్చింది. పత్తి చేనులో మందు కొడుతూ ఒక కౌలు రైతు పడిపోయాడని చెప్పారు. నేను ఆసుపత్రికి చేరేసరికి అతన్ని ఆటోలో తెచ్చి మంచం మీద పడుకోబెట్టారు. ఒళ్లంతా చెమట, నోటి వెంట చొంగ, కంటిపాపలు గుండుసూది మొనంత. డ్యూటీ డాక్టరు అడిగిన మొదటి మాట, “ఏ మందు కొట్టాడు?”

“తెల్ల డబ్బా సారూ” అంది భార్య. “రెండు కలిపాడు, ఒకదానికి పచ్చ మూత” అన్నాడు తమ్ముడు. పేరు ఎవరికీ తెలియదు. మందు అరువుకు తెచ్చారు కాబట్టి బిల్లు లేదు. ఖాళీ డబ్బాలు కాలువలో పడేశారు. డాక్టరు లక్షణాలను బట్టి వైద్యం మొదలుపెట్టారు. బావమరిది బండి మీద చేనుకు వెళ్లి, గట్టు పక్కన పొదలో చిక్కుకున్న ఒక డబ్బా వెతికి తెచ్చేసరికి గంటన్నర దాటింది.

ఆ ఊరు నా పరిధిలోదే. అంతకు పదిహేను రోజుల ముందే అక్కడ సమావేశం పెట్టి గులాబీ రంగు పురుగు గురించి గంటసేపు మాట్లాడాను. ఏ మందు, లీటరు నీటికి ఎంత, ఎకరాకు ఎన్ని ట్యాంకులు, అన్నీ చెప్పాను. మందు ఒంటి మీద పడితే ఏం చేయాలో ఒక్క మాట కూడా చెప్పలేదు. ఆ రైతు బతికాడు. కానీ పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు, ఆ ఏటి పత్తి డబ్బు అక్కడికే పోయింది. అప్పటి నుంచి మందు పేరు చెప్పిన ప్రతి చోటా దాని విషం గురించి కూడా చెబుతున్నాను. ఆ మాటలే ఇక్కడ రాస్తున్నాను.

మందు పేరు ఎందుకు కావాలి?

విషం ఏదైనా విరుగుడు ఒక్కటే అని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ఒక్కో రకం మందు శరీరంలో ఒక్కో చోట దెబ్బతీస్తుంది. వైద్యం కూడా దాన్ని బట్టే ఉంటుంది.

1. ఆర్గానోఫాస్ఫేట్ మందులు (క్లోరిపైరిఫాస్, ప్రొఫెనోఫాస్, క్వినాల్‌ఫాస్, ఎసిఫేట్, డైమిథోయేట్, మోనోక్రోటోఫాస్ వంటివి): మన నరాలు పనిచేయడానికి అవసరమైన కోలినెస్టరేజ్ అనే ఎంజైమును ఇవి అడ్డుకుంటాయి. చెమట, చొంగ, కన్నీరు, వాంతులు, విరేచనాలు, కంటిపాపలు చిన్నవి కావడం, కండరాలు అదరడం, ఊపిరి అందకపోవడం, ఫిట్స్ దీని లక్షణాలు. అట్రోపిన్ ముఖ్యమైన విరుగుడు. కొందరికి డాక్టరు ప్రాలిడాక్సిమ్ కూడా ఇస్తారు.

2. కార్బమేట్ మందులు (కార్బోఫ్యూరాన్, కార్బోసల్ఫాన్, థయోడికార్బ్ వంటివి): లక్షణాలు పై వాటిలాగే ఉంటాయి. అట్రోపిన్ పనిచేస్తుంది. ప్రాలిడాక్సిమ్ అవసరం సాధారణంగా ఉండదు.

3. సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులు (సైపర్‌మెత్రిన్, లామ్డా సైహలోత్రిన్ వంటివి): ముఖం మంట, చర్మంపై చీమలు పాకినట్లు జివ్వుమనడం, తుమ్ములు, తలతిరగడం కనిపిస్తాయి. ప్రత్యేక విరుగుడు లేదు. లక్షణాలకు తగిన వైద్యం చేస్తారు.

4. పారాక్వాట్ కలుపుమందు: నోటిలో, గొంతులో పుండ్లు పడతాయి. తరువాత మూత్రపిండాలు, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. దీనికి విరుగుడు లేదు. మొదటి రెండు రోజులు మనిషి బాగానే ఉన్నట్లు కనిపించవచ్చు. కాబట్టి కొద్దిగా నోట్లో పడినా, బాగానే ఉన్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఈ మందులో డాక్టర్లు ఆక్సిజన్‌ను కూడా ఆచితూచి ఇస్తారు. పేరు ముందే తెలియాలి అనేది అందుకే.

5. ఎలుకల మందులు: బ్రోమడయోలోన్ రకం రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది, దీనికి విటమిన్ కె1 ఇస్తారు. జింక్ ఫాస్ఫైడ్‌కు విరుగుడు లేదు. రెంటినీ మనం “ఎలకల మందు” అనే అంటాం. డాక్టరుకు ఆ మాట సరిపోదు.

డబ్బా మీద రంగు త్రికోణం చదవండి

1968 పురుగుమందుల చట్టం, 1971 నియమాల ప్రకారం ప్రతి డబ్బా మీద చతురస్రంలో రెండు రంగుల గుర్తు ఉంటుంది. కింది సగంలో ఉన్న రంగు విషం తీవ్రతను చెబుతుంది. ప్రయోగశాలలో ఎలుకలకు తినిపించి చూసిన పరీక్షల ఆధారంగా ఈ రంగును నిర్ణయిస్తారు.

- ఎరుపు: అత్యంత విషపూరితం. పై సగంలో పుర్రె, ఎముకల గుర్తు ఉంటుంది.
- పసుపు: చాలా విషపూరితం.
- నీలం: ఒక మాదిరి విషపూరితం.
- ఆకుపచ్చ: తక్కువ విషపూరితం.

పురుగును అదుపు చేయగల మందులు రెండు మూడు ఉన్నప్పుడు నీలం, ఆకుపచ్చ గుర్తు ఉన్నదాన్ని ఎంచుకోండి. అయితే రంగు ఒక్కటే చూసి ధీమా పడవద్దు. పారాక్వాట్‌ది పసుపు గుర్తే. ఎరుపు కాదు కదా అనుకుంటే ప్రాణం మీదకు వస్తుంది.

డబ్బాతో పాటు మడతపెట్టిన కరపత్రం ఒకటి ఇస్తారు. విష లక్షణాలు, ప్రథమ చికిత్స, విరుగుడు అందులో రాసి ఉంటాయి. మనలో ఎక్కువమంది దాన్ని చేలోనే పారేస్తారు. డాక్టరుకు చూపించాల్సిన కాగితం అదే.

2018 ఆగస్టులో కేంద్రం 18 మందులను నిషేధించింది. ఫోరేట్, ట్రయజోఫాస్, ఫాస్ఫామిడాన్, డైక్లోర్‌వాస్ వాటిలోవే. మోనోక్రోటోఫాస్ 36 శాతం ద్రావణంపై 2023లో నిషేధ ఉత్తర్వు వచ్చింది. పాత సరుకు ఎవరైనా చౌకగా ఇస్తామంటే తీసుకోవద్దు. ఇంట్లో పాత డబ్బా మిగిలి ఉంటే కాలువలో పారబోయకుండా వ్యవసాయాధికారిని అడగండి.

మందు ఒంట్లోకి ఎలా వెళ్తుంది?

“నేను తాగలేదు కదా, నాకెందుకు విషం ఎక్కుతుంది?” అని అడిగే రైతులు ఇప్పటికీ ఉన్నారు. పిచికారీ చేసేటప్పుడు మందు ఎక్కువగా చర్మం గుండానే ఒంట్లోకి వెళ్తుంది. అన్నిటికంటే ప్రమాదం పిచికారీలో కాదు, చిక్కటి మందును కొలిచి కలిపేటప్పుడు. మూతతో కొలవడం, చేత్తో కలియబెట్టడం, మూసుకుపోయిన నాజిల్‌ను నోటితో ఊదడం, ఈ మూడూ మానేస్తే సగం ప్రమాదం తప్పుతుంది. పంపు కారి వీపు, నడుము తడిస్తే ఆ తడి బట్టతోనే సాయంత్రం దాకా ఉండవద్దు. గజ్జల్లో చర్మం పలుచన, అరచేతి కంటే ఎన్నో రెట్లు ఎక్కువ మందును పీల్చుకుంటుంది.

ఇంకో విషయం గుర్తుంచుకోండి. ఆర్గానోఫాస్ఫేట్ అడ్డుకున్న ఎంజైము ఒక్క రాత్రిలో తిరిగి రాదు. పూర్తిగా కోలుకోవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఈ రోజు మన చేను, రేపు పక్కవాళ్ల చేను, ఎల్లుండి కూలికి ఇంకో చేను అని వరుసగా కొట్టేవారికి నష్టం పేరుకుంటూ పోతుంది. నిన్న ఏమీ కాలేదు, మొన్న ఏమీ కాలేదు, ఈ రోజు అదే మందుకు పడిపోతాడు. రోజూ మందు కొట్టే కూలీలు తలనొప్పి, చూపు మసక, వికారం అంటే ఎండ దెబ్బ అని తేల్చేయకండి. ఆ రోజుకు పని ఆపించండి. రక్తంలో కోలినెస్టరేజ్ పరీక్ష ఎక్కడ చేస్తారో డాక్టరును అడగండి.

తొలి అరగంటలో ఏం చేయాలి?

చేయవలసినవి:
- మనిషిని చేను నుంచి గాలి తగిలే చోటుకు తీసుకెళ్లాలి. సాయం చేసేవారు తమ చేతులకు ప్లాస్టిక్ సంచులైనా తొడుక్కోవాలి.
- తడిసిన బట్టలు పూర్తిగా తీసేసి, సబ్బుతో, ధారాళంగా నీళ్లతో ఒళ్లు, జుట్టు, గోళ్లు కడగాలి.
- కంట్లో పడితే కనీసం 15 నిమిషాలు శుభ్రమైన నీటి ధారతో కడగాలి.
- స్పృహ తప్పితే ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. వాంతి అయినా గొంతుకు అడ్డం పడదు.
- 108కు ఫోన్ చేయాలి. డబ్బా, కరపత్రం, బిల్లు ఒక సంచిలో వేసి వెంట తీసుకెళ్లాలి. రెండు మందులు కలిపితే రెండు డబ్బాలూ కావాలి.

చేయకూడనివి:
- ఉప్పునీళ్లు, సబ్బునీళ్లు, చింతపండు రసం తాగించి వాంతి చేయించవద్దు. చాలా మందుల్లో కిరోసిన్ వంటి ద్రావకం ఉంటుంది. వాంతిలో అది ఊపిరితిత్తుల్లోకి పోతే విషం కంటే ముందు అదే చంపుతుంది.
- పాలు, మజ్జిగ, కొబ్బరి నీళ్లు పట్టవద్దు. స్పృహ లేని మనిషి నోట్లో ఏదీ పోయవద్దు.
- “కాస్త తేరుకున్నాడు” అని ఒక్క రోజుకే ఆసుపత్రి నుంచి తెచ్చేయవద్దు. ఆర్గానోఫాస్ఫేట్ మందుల్లో ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య మెడ నిలబడకపోవడం, ఊపిరి బలహీనపడటం మళ్లీ రావచ్చు. ఇంటికి తెచ్చాక ఇలా ప్రాణాలు పోయిన సందర్భాలు ఉన్నాయి.

విషం గురించిన చదువు పల్లె దాకా రావాలి

విషాల గురించి చదివే శాస్త్రాన్ని టాక్సికాలజీ అంటారు. లక్నోలో 1965 నుంచి దీనికోసమే ఒక జాతీయ సంస్థ ఉంది. హైదరాబాదులో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. కానీ విషం ఎక్కేది చేలో, మొదట చూసేది ఊరి ఆసుపత్రిలో. ఆ రెంటి మధ్య దూరమే మన ప్రాణాలు తీస్తోంది.

మన వరంగల్ సంగతే చూడండి. 1997 నుంచి 2002 వరకు ఆరేళ్లలో పురుగుమందుల విషంతో అక్కడి జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో 8040 మంది చేరారు. ప్రతి ఐదుగురిలో ఒకరి కంటే ఎక్కువమంది చనిపోయారు. చేరినవారిలో అత్యధికులు మనస్తాపంతో తీసుకున్నవారే, మూడింట రెండు వంతులమంది ముప్పై ఏళ్ల లోపు వారే. ఇంట్లో చేతికి అందేచోట డబ్బా ఉండటం ఎంత ప్రమాదమో ఈ లెక్క చెబుతుంది.

2017 ఖరీఫ్‌లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తి చేలలో మందు కొట్టిన రైతులు, కూలీలు వందల సంఖ్యలో ఆసుపత్రుల పాలయ్యారు. 20 మందికి పైగా చనిపోయారు. వారు తాగినవారు కాదు, కొట్టినవారు. ఎత్తుగా పెరిగిన పత్తి, ఉక్కపోత, రెండు మూడు మందుల కలయిక, ఒంటిపై రక్షణ లేకపోవడం అన్నీ కలిశాయి. మన పత్తి చేలకు, మిరప తోటలకు ఇందులో ఏదీ కొత్త కాదు.

2020 డిసెంబరులో ఏలూరులో 600 మందికి పైగా ఉన్నట్టుండి ఫిట్స్, తలతిరగడం, స్పృహ తప్పడంతో ఆసుపత్రుల్లో చేరారు. కారణం ఏమిటో ఊళ్లో ఎవరూ చెప్పలేకపోయారు. నమూనాలు ఢిల్లీ ఎయిమ్స్‌కు, హైదరాబాదుకు వెళ్లాయి. రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణం కావచ్చని నిపుణులు తరువాత ప్రభుత్వానికి చెప్పారు. ఆ మాట వచ్చేసరికి పదిరోజులకు పైగా గడిచింది. పరీక్ష చేసే చోటు దూరంగా ఉంటే ఇలాగే ఉంటుంది.

ఇదంతా డబ్బున్న దేశాలకే సాధ్యమని నిరాశ పడనక్కర్లేదు. బంగ్లాదేశ్‌లోని చిట్టగాంగ్ ఆసుపత్రిలో డాక్టర్లు అట్రోపిన్‌ను రెండు పద్ధతుల్లో ఇచ్చి పోల్చి చూశారు. పాత పద్ధతిలో వందకు 22 మందికి పైగా చనిపోతే, మోతాదును త్వరత్వరగా పెంచుతూ ఇచ్చిన పద్ధతిలో 8 మంది చనిపోయారు. 2012లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. మందు అదే, ధర తక్కువే. మారింది వాడే తెలివి.

శ్రీలంక సంగతి ఇంకా ముఖ్యమైనది. ఏ మందు వల్ల ఎంతమంది చనిపోతున్నారో ఆసుపత్రి లెక్కలు చూసి, అత్యంత విషపూరితమైన మందులను 1995లో, ఎండోసల్ఫాన్‌ను 1998లో ఆపేశారు. 2005 నాటికి ఆత్మహత్య మరణాల రేటు సగానికి తగ్గింది. పంట దిగుబడులు దానివల్ల పడిపోలేదు. 2021లో రసాయన ఎరువులను ఒక్కసారిగా ఆపి దెబ్బతిన్న సంగతి వేరు, దీన్ని దానితో కలపవద్దు. ఇక్కడ చేసింది ఒక్కో మందునూ లెక్కతో చూసి, బదులు మందు ఉన్నచోట ప్రమాదకరమైనదాన్ని తీసేయడం. ఆ లెక్క జిల్లా ఆసుపత్రుల రిజిస్టర్లలో నుంచి వచ్చింది.

మన దగ్గర ఆ లెక్క సరిగా ఎందుకు రాదు? మందు పేరు రాయకపోవడం వల్ల. “విషప్రభావం” అని మాత్రమే రాస్తే ఏ మందు మనుషులను చంపుతోందో ఎవరికీ తెలియదు. విషప్రభావ ఘటనలను తెలియజేయమని ఆదేశించే అధికారం 1968 చట్టం రాష్ట్ర ప్రభుత్వాలకు ఇచ్చింది. మీరు డబ్బా తీసుకెళితే మీ మనిషికి సరైన వైద్యం అందుతుంది. ఆ పేరు రిజిస్టరులోకి ఎక్కితే రేపు ఇంకొకరి ప్రాణం నిలుస్తుంది.

మన ఇంట్లో, మన ఊళ్లో చేయవలసినవి

1. మందు కొన్న వెంటనే డబ్బా ముందు, వెనుక, త్రికోణం గుర్తు స్పష్టంగా కనిపించేలా ఫోన్‌లో ఫొటో తీయండి. ఇంట్లో ఇంకొకరికి కూడా పంపండి. మందు కొట్టేవారి ఫోన్ మందు కొట్టేవారి జేబులోనే ఉంటుంది, పడిపోయాక దాన్ని తెరవలేం.

2. అరువుకు తెచ్చినా బిల్లు అడగండి. బిల్లు మీద మందు పేరు, బ్యాచ్ నంబరు ఉండాలి. నకిలీ మందు అని తేలితే పరిహారం అడగడానికీ అదే ఆధారం.

3. మందులను తాళం వేసిన పెట్టెలో పెట్టండి. తాళంచెవి ఒక్కరి దగ్గరే ఉండాలి. బియ్యం, పశువుల దాణా ఉన్న గదిలో పెట్టవద్దు. కోపం, దుఃఖం మనిషిని ముంచే సమయం చాలాసార్లు కొద్ది నిమిషాలే. ఆ కొద్ది నిమిషాలు తాళం ఆపగలదు.

4. మందును కూల్‌డ్రింక్ సీసాల్లో, నూనె డబ్బాల్లో పోయవద్దు. ఖాళీ డబ్బా ఇంట్లో వాడవద్దు. 2013 జూలైలో బీహార్‌లోని సారణ్ జిల్లాలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ ఉందని పరీక్షల్లో తేలింది. ఖాళీ డబ్బాను మూడుసార్లు కడిగి, ఆ నీళ్లు పిచికారీ ట్యాంకులోనే పోసి, డబ్బాకు చిల్లులు పెట్టండి. కాల్చవద్దు.

5. లేబుల్‌లో చెప్పకుండా రెండు మూడు మందులు కలపవద్దు. పురుగు చావకపోతే మోతాదు పెంచడం కాదు, సరైన పురుగునే చూస్తున్నామా అని ముందు అడగాలి.

6. ఉదయం, సాయంత్రం చల్లని వేళల్లో, గాలి వాలుకు కొట్టండి. చేతికి నైట్రైల్ గ్లోవ్స్, ముక్కుకు మాస్కు, పూర్తి చేతుల చొక్కా, కాళ్లకు బూట్లు వాడండి. కూలికి పిలిచినవారికి ఇవి ఇవ్వడం చేను యజమాని బాధ్యత. మందు నీళ్లు అందించే పని గర్భిణులకు, పిల్లలకు చెప్పవద్దు. ఆ బట్టలను విడిగా ఉతకండి.

7. ఖరీఫ్ మొదలయ్యే ముందు మీ ఊరి రైతులు, ఆశా కార్యకర్త, వ్యవసాయ విస్తరణాధికారి కలిసి ఒకసారి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. ఈ సీజన్‌లో మీ ఊళ్లో ఎక్కువగా వాడే పది మందుల పేర్లు రాసి డాక్టరుకు ఇవ్వండి. అట్రోపిన్ నిల్వ ఉందా అని అడగండి. నేను గత కొన్నేళ్లుగా ఈ పని చేయిస్తున్నాను. ఆ కాగితాన్ని ఒక డాక్టరమ్మ మందుల గది తలుపుకు అంటించుకున్నారు.

గుర్తుంచుకోవలసిన ఫోన్ నంబర్లు

- అంబులెన్స్: 108
- జాతీయ విష సమాచార కేంద్రం, ఎయిమ్స్, ఢిల్లీ: 1800 116 117. ఏ విషానికి ఏ వైద్యమో రాత్రి పగలు చెబుతారు. మీ డాక్టరుకు కూడా ఈ నంబరు ఇవ్వండి.
- కిసాన్ కాల్ సెంటర్: 1800 180 1551
- మనసు బాగోలేనప్పుడు, ఇంట్లో ఎవరైనా చావు మాట మాట్లాడుతున్నప్పుడు టెలి మానస్: 14416. తెలుగులో మాట్లాడతారు.

మందు కొట్టకుండా పంట తీసే మార్గాలు పెరగాలి, పెరుగుతున్నాయి కూడా. అంతవరకు మందు వాడేవారందరికీ నా విన్నపం ఒకటే. ఈ రోజు ఇంటికి వెళ్లాక మీ దగ్గర ఉన్న ప్రతి డబ్బాకూ ఫొటో తీయండి, తాళం వేయండి. “ఏ మందు కొట్టారు?” అని డాక్టరు అడిగిన మరుక్షణం జవాబు చెప్పగలిగితే, మా బావమరిది లాంటివాడు పొదల్లో డబ్బా వెతుక్కునే గంటన్నర మీకు మిగులుతుంది. ఆ గంటన్నరలోనే మనిషి ఇటో అటో అవుతాడు.